ఎన్నో నెలలో పేరు రాయించుకుంది?

1887 అక్టోబరు 14న కర్నూలులో కవలలు పుట్టారు. వారిలో రామస్వామి ముదలియార్ 1946లో ఐక్యరాజ్య సమితి ఆర్థిక, సామాజిక మండలికి తొలి అధ్యక్షుడయ్యారు. లక్ష్మణస్వామి కాన్పుల వైద్యం పట్టుకుని మద్రాసు ఎగ్మోరు ప్రసూతి ఆసుపత్రికి సూపరింటెండెంటు అయ్యారు. ప్రసూతి శాస్త్రం మీద ఆయన రాసిన పుస్తకం మన వైద్య విద్యార్థులకు ఈనాటికీ తెలిసిన పేరే.

ఆయన చదువుకునే రోజుల్లో కాన్పుకు ముందే గర్భిణిని చూడాలన్న ఆలోచనే కొత్త. 1901లో ఎడిన్‌బరోలో బ్యాలంటైన్ అనే వైద్యుడు గర్భిణుల కోసమే ఒక మంచం వేయించుకోగలిగాడు. ఒకే ఒక్క మంచం! 1929లో బ్రిటిష్ ఆరోగ్య శాఖ తొలి పరీక్ష 16వ వారంలో జరగాలంది. మన దగ్గర 1946లో భోర్ కమిటీ, వెయ్యి సజీవ జననాలకు సుమారు 20 మంది తల్లులు చనిపోతున్నారని తేల్చింది. అలాంటప్పుడు కాన్పుకు మనిషి దొరికిందా అన్నదే ప్రశ్న. ఎన్నో నెలలో చూపించుకుందన్నది ఎవరడుగుతారు?

ఇప్పుడడుగుతున్నారు. తొలి పరీక్ష గడువు 12 వారాలకు వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో చెప్పిందీ అదే. రక్తహీనత, రక్తపోటు వంటివి ముందే పట్టుకుంటే సరిదిద్దడానికి వ్యవధి ఉంటుంది.

ఈ వారాల కొలత మొదలయ్యేది ఆఖరి ముట్టు తేదీ నుంచి. కర్నూలు, కడప పల్లెల్లో ఆ తేదీ క్యాలెండరు చూసి చెప్పేవాళ్లు తక్కువ. "ఉగాదికి ముందు", "పీర్ల పండగైనాక" అంటారు. పీర్ల పండగేమో ఏటా సుమారు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. ఆశా కార్యకర్త వెనకటి నెలల కాగితాలు తిప్పాల్సిందే. పాలు తాగే బిడ్డ చంకలో ఉండగానే మళ్లీ నెల నిలిచిన తల్లికైతే చెప్పడానికి ఆ తేదీ కూడా ఉండదు. మూడు నెలలు నిండేదాకా నలుగురికీ చెప్పొద్దనే అత్తలు ఇంకా ఉన్నారు. కొలతలో ఆ మౌనం కూడా ఆలస్యంగానే పడుతుంది.

స్కానింగు ఉందిగా అనొచ్చు. తొలి మూడు నెలల్లో తీస్తే వయసు వారం లోపు తేడాతో తెలుస్తుంది. ఆరో నెలలో తీస్తే ఆ తేడా రెండు వారాలకు పెరుగుతుంది. తొందరగా వచ్చినవాళ్ల లెక్క కచ్చితంగా ఉంటుంది. ఆలస్యంగా వచ్చినవాళ్లు ఎంత ఆలస్యమయ్యారన్నదే సరిగా తేలదు. ఈ కొలతకున్న పెద్ద లోపం ఇదేనని నా ఉద్దేశం.

1973లో అమెరికాలో కెస్నర్ బృందం, గర్భిణి పరీక్షలు మొదలుపెట్టిన నెల, ఆ పరీక్షల సంఖ్య, గర్భం నిండిన వారాలు మూడూ కలిపి సూచీ కట్టింది. మనవాళ్లు ఇప్పటికీ ప్రధానంగా ఒక్క శాతాన్నే చూస్తారు. ఆ శాతం కూడా దేనిలో ఎంతన్నది ముఖ్యం. ఆరోగ్య కేంద్రాల లెక్కలో, పేరు నమోదైన గర్భిణుల్లో ఎందరు 12 వారాల్లోపు వచ్చారని చూస్తారు. అసలు రానివాళ్లు హారంలోనే లేరు. వాళ్లను వదిలేసిన శాతం బాగా కనపడటంలో వింతేముంది?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వేరే దారి పట్టింది. ఇంటింటికీ వెళ్లి, గత ఐదేళ్లలో బిడ్డను కన్న తల్లినే అడుగుతుంది. దేశం మొత్తం మీద తొలి మూడు నెలల్లో పరీక్ష చేయించుకున్నవారు 2005-06లో 43.9 శాతం, 2015-16లో 58.6, 2019-21లో 70. జ్ఞాపకం మీద నడిచే లెక్కే అయినా, రానివాళ్లు కూడా ఇందులో ఉన్నారు కాబట్టి నేను దీన్నే నమ్ముతాను.

దీనికీ చిక్కులున్నాయి. ఆ సర్వే లెక్కలో ఆడమనిషి ముందురాత్రి ఏ ఇంట్లో నిద్రపోయిందో ఆ ఊరిదే. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చిన కూతురు మెట్టినూరి లెక్కలో పడదు. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి ఏటా సుగ్గికి, అంటే కూలికి వలస, పోయే కుటుంబాల సంగతి మరీ కష్టం. మిరప కోతలకు గుంటూరు వైపు తరలిపోయాక ఇంటికి తాళం ఉంటుంది. ఆ నెలల్లోనే కడుపు పడితే గర్భిణి పేరు సొంతూరి ఏఎన్ఎం దగ్గర ఉండదు. చేను దగ్గరి గుడిసెల్లో ఆమె ఎవరో అక్కడి ఏఎన్ఎంకు తెలియదు. ఊరికి తిరిగొచ్చేసరికి ఐదో నెల. కార్డులో ఆలస్యమని రాస్తారు. ఎందుకు ఆలస్యమైందో రాయడానికి కార్డులో గడి లేదు.