యంత్రానికి చెవులిచ్చిన కాటూరు బిడ్డ

అది 1970ల తొలి రోజుల పిట్స్‌బర్గ్. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మైకు ముందు ఒక మనిషి కూర్చుని చదరంగం ఆడుతున్నాడు. పావును చేత్తో ముట్టడు, ఎత్తు నోటితోనే చెబుతాడు. ఆ మాట కంప్యూటర్ వినాలి. సగం వినబడి సగం వినబడకపోతే? బల్ల మీద పావులు ఎలా ఉన్నాయో, ఇప్పుడు ఏ ఎత్తులు వేయడానికి వీలుందో చూసుకుని మిగతా సగం తనే పూరించుకోవాలి. ఆ ప్రోగ్రాం పేరు హియర్‌సే. దాని వెనకున్నది మన తెలుగువాడు, దబ్బాల రాజగోపాల్ రెడ్డి. లోకానికి ఆయన రాజ్ రెడ్డి.

ఈ సంగతి మొదటిసారి తెలిసినప్పుడు నాకు సోలాపూర్‌లోని మా నీలం నగర్ సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు గుర్తొచ్చింది. వరసగా సాంచాలు నడుస్తుంటే పక్కన నిలబడ్డ మనిషి మాట కూడా సరిగా వినబడదు. అయినా బాపు ఏదో అనగానే అవ్వ కండె అందించేది. మాట విని కాదు, పని తెలుసు కాబట్టి. ఆ ఘడియలో ఆయనకు ఏం కావాలో ఆమెకు తెలుసు.

రాజ్ రెడ్డి గారు చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో ఒక రైతు ఇంట పుట్టారు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆయనే. 1958లో మద్రాసు గిండీ కాలేజీలో ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకున్నారు. అదీ సివిల్‌లో. 1960లో ఆస్ట్రేలియాలో ఎంటెక్ అయ్యాక అక్కడే ఐబీఎంలో చేరారు. వంతెనలు కట్టాల్సిన చేతిలోకి కంప్యూటర్‌కు పని చెప్పే చిల్లుల అట్టలు వచ్చాయి.

ఆ అట్టల గురించి నీలం నగర్ పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు. సోలాపూర్ చద్దరు నేసే మగ్గం నెత్తిన జకార్డు ఉంటుంది. దాని మీదుగా దారంతో కుట్టిన అట్టల దండ ఒక్కొక్కటిగా తిరుగుతుంది. చిల్లు ఉన్నచోట సూది దూరిపోతుంది, కొక్కెం లేస్తుంది, ఆ పడుగు పోగు పైకొస్తుంది. చిల్లు లేనిచోట పోగు కిందనే ఉండిపోతుంది. ఒక్క చిల్లు తప్పు పడితే నెమలి మెడ మీద గీత తేలుతుంది. అప్పుడు బాపు మగ్గం ఆపి ఒక్కో అట్టను వెలుతురుకు ఎత్తి పట్టేవాడు. చిల్లుల్లోంచి వెలుగు చుక్కలు ఆయన ముఖం మీద పడేవి. 1804లో ఫ్రాన్స్‌లో జోసెఫ్ మారీ జకార్డ్ తెచ్చిన ఈ పద్ధతి వంటిదే 1890లో అమెరికా జనాభా లెక్కల్లో హెర్మన్ హోలరిత్ వాడాడు. ఆయన పెట్టిన కంపెనీ తర్వాత ఐబీఎంలో భాగమైంది. బాపు చేతిలోని అట్టకూ ఆస్ట్రేలియా ఐబీఎంలోని అట్టకూ చుట్టరికం ఉందన్నమాట.

ఐబీఎంలో రాజ్ రెడ్డి గారి హోదా అప్లైడ్ సైన్స్ రిప్రజెంటేటివ్. ఎదుటివాడి పని అర్థం చేసుకుని, దాన్ని యంత్రానికి ఎలా అప్పగించాలో చూపించడం. ఇవాళ మన పిల్లలు పుణె వెళ్లి చేస్తున్న టెక్నాలజీ కన్సల్టింగ్‌కు ఇది దగ్గరి పని. మూడేళ్లు చేశారు. హియర్‌సేకి పని తెలిసిన చెవి రావడం వెనక ఈ మూడేళ్లూ ఉన్నాయని నా నమ్మకం.

1963లో స్టాన్‌ఫర్డ్ చేరారు. గురువు జాన్ మెకార్తీ, కృత్రిమ మేధకు ఆంగ్లంలో ఆ పేరు పెట్టినవాడు. 1966లో పీహెచ్‌డీ, 1969లో కార్నెగీ మెలన్. 1976 నాటికి అక్కడి హార్పీ అనే ప్రోగ్రాం వెయ్యికి పైగా మాటలు గుర్తుపట్టింది. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ అవార్డు. 2008లో పల్లె పిల్లల కోసం బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో ట్రిపుల్ ఐటీలు మొదలైతే, వాటిని నడిపే విశ్వవిద్యాలయానికి తొలి చాన్సలర్ ఆయనే.

చదువురాని మనిషి కూడా నోటి మాటతో కంప్యూటర్‌ను వాడుకోవాలన్నది ఆయన ఏళ్ల తరబడి చెబుతూ వచ్చిన మాట. ఆ మాట మా వాడకు సూటిగా తగులుతుంది. తెలంగాణ నుంచి మగ్గం పనికి వలస వచ్చిన పద్మశాలీలం మేము. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. తెలుగు మాట్లాడతాం గానీ చదవలేని వాళ్లు ఇంటింటా ఉన్నారు. బీడీలు చుట్టే అవ్వకు రెండు లిపులూ రావు. ఆమె మరాఠీ కలిసిన తెలుగును ఫోను సరిగా పట్టుకోలేదు. అలాంటి గొంతు దానికి ఎవరూ చాలినంత వినిపించలేదు.

నీలం నగర్‌లో ఇంజనీరింగ్ చదువుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ బ్రాంచి ఏదైనా కానివ్వండి. కేంద్ర ప్రభుత్వ భాషా వేదిక భాషిణిలో భాషాదాన్ అనే ఏర్పాటు ఉంది, ఎవరైనా తమ గొంతు ఇవ్వొచ్చు. ఈ ఆదివారం మీ అవ్వ చేటలో ఆకు కత్తిరిస్తున్నప్పుడు పక్కన కూర్చుని, ఆమె చేత నాలుగు మాటలు పలికించి అందులో చేర్చండి.