యాత్రలో మిగిలిన రోజులు: 'కాశీయాత్ర చరిత్ర'లో మజిలీ, నగరం, కాలం

కీలక పదాలు: ఏనుగుల వీరాస్వామయ్య, కాశీయాత్ర చరిత్ర, మజిలీ, నగర వర్ణన, రైలు కాలం, నూజివీడు

1. ఉపోద్ఘాతం

తెలుగు యాత్రాసాహిత్యంపై వచ్చిన పరిశోధన ఎక్కువగా దారినే చదివింది. యాత్రికుడు ఏ ఊరి నుంచి ఏ ఊరికి వెళ్లాడు, ఎన్ని ఆమడలు నడిచాడు, ఏ క్షేత్రాన్ని సేవించాడు అన్నవి దాని ప్రధాన ప్రశ్నలు. ప్రయాణం ఆగిన రోజుల్లో అతడు ఏం చేశాడన్నది మాత్రం పెద్దగా చర్చకు రాలేదు. నగరాలను గురించిన తెలుగు వచనం చాలావరకు ఆ ఆగిన రోజుల్లోనే పుట్టిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇందుకు ప్రధాన ఆధారం ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర'.

మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేసిన వీరాస్వామయ్య 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి మద్రాసు చేరాడు. ఆయన మరణించిన తరువాత, 1838లో, మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళె ఈ గ్రంథాన్ని అచ్చు వేయించాడు. మనలో చాలామందికి ఇది పరిచయమైంది దిగవల్లి వేంకటశివరావు 1941లో వెలువరించిన కూర్పు ద్వారా. శివరావు బెజవాడ న్యాయవాది. మా నూజివీడు మామిడితోటలకు బెజవాడ దగ్గరి ఊరు కావడం వల్ల ఈ ప్రాంతపు పాఠకులకు ఆ కూర్పు మీద కొంత సొంతమన్న భావం ఉంది.

2. నడిచిన రోజు, ఆగిన రోజు

దినచర్యగా చూస్తే ఈ గ్రంథంలో రెండు రకాల వచనం కనిపిస్తుంది. నడిచిన రోజుల రాత పొదుపైనది. దారి గులకరాయిదా, రేగడిదా, ఊళ్లో అంగళ్లు ఉన్నాయా, నీళ్లు మంచివా, దిగడానికి చోటు దొరుకుతుందా అన్నంతవరకే అది సాగుతుంది. తరువాత వచ్చే యాత్రికుడికి పనికొచ్చే సమాచారం అది. హైదరాబాదు, కాశీ, కలకత్తా వంటి చోట్ల రాత తీరు మారిపోతుంది. అక్కడ పాలన, వర్తకం, ఆచారాలు, మనుషుల నడవడి వస్తాయి. చూసినదాన్ని మద్రాసుతో పోల్చి తూచే చూపు కూడా వస్తుంది.

ఈ తేడాకు నగరాల గొప్పతనమే కారణమనుకోవడం తేలిక. దానికంటే ముందు గమనించవలసింది తీరిక. వానలకు నదులు పొంగినా, బోయీలు కుదరకపోయినా, తిథివారాలు అనుకూలించకపోయినా పరివారమంతా ఆగవలసిందే. వీరాస్వామయ్య హైదరాబాదు చేరింది వర్షర్తువులో. నాసిరుద్దౌలా నిజాముగా, చందూలాల్ పేష్కారుగా ఉన్న కాలమది. సికింద్రాబాదు దండుకు అప్పటికి పాతికేళ్లు నిండలేదు. మూసీ మీద చాదర్‌ఘాట్ వంతెన ఇంకా పూర్తి కాలేదు. అంటే నగరం తన పాత హద్దులు దాటి బ్రిటిష్ రెసిడెన్సీ వైపు పెరుగుతోంది. ఆ మార్పును పట్టుకోవాలంటే ఒక పూట విడిది చాలదు. వీధుల్లో తిరగాలి, తిరిగినవాటికే మళ్లీ వెళ్లాలి.

కలకత్తా విషయంలో ఇంకొక అంశం ఉంది. అక్కడి సుప్రీంకోర్టు 1774 నాటిది, మద్రాసుది 1801 నాటిది. ఒక కోర్టు ఉద్యోగి మరో కోర్టు ఉన్న నగరంలో తిరిగేటప్పుడు కేవలం భక్తుడి కళ్లతో చూడడు. ఈ కోణాన్ని మన వ్యాఖ్యాతలు తగినంతగా పట్టించుకోలేదని నా అభిప్రాయం.

3. 'అదనపు రోజు' ఎప్పుడు పుట్టింది?

పై చర్చలో ఒక చిక్కు ఉంది. వీరాస్వామయ్య ఆగిన రోజులను 'అదనపు రోజులు' అనవచ్చునా? అదనం అనాలంటే ముందు ఒక లెక్క ఉండాలి. ఆయనకు కోర్టు ఇచ్చిన సెలవు ఒక్కటే హద్దు. దాని లోపల నడకా, ఆగడమూ రెండూ యాత్రే. లెక్కను తెచ్చింది రైలు. కృష్ణా, గోదావరి ప్రాంతాలకు తూర్పుతీరపు రైలుమార్గం 1890లలో వచ్చింది. అయినా 1900లో హేవ్‌లాక్ వంతెన తెరిచేవరకు గోదావరి దగ్గర ఆ దారి తెగే ఉంది. వంతెన పడ్డాక మాత్రం కాశీ నెలల ప్రయాణం కాకుండా పోయింది. దారిలోని మజిలీలు మాయమై, ఆగడమన్నది హౌరా వంటి పెద్ద స్టేషన్ల దగ్గర పోగుపడింది. బండి తప్పితే పోయేది ఫలానా రోజని చెప్పగలిగిన స్థితి అప్పుడు ఏర్పడింది. (నూజివీడు పేరు పెట్టుకున్న స్టేషను ఊరికి చాలా దూరంగా, హనుమాన్ జంక్షన్ దగ్గర ఉండటం వల్ల, మావాళ్లు బండి తప్పడం స్టేషను చేరకముందే జరిగేదని హాస్యంగా చెప్పుకుంటారు.)

4. ఎవరి రోజులు?

వీరాస్వామయ్య ఒంటరి బాటసారి కాదు. ఆయన వెంట పెద్ద పరివారం కదిలింది. పల్లకీలో కూర్చున్నవారికి ఆగిన రోజు నగరదర్శనం. మోసే బోయీకి అది భుజం ఆరే రోజు కావచ్చు, కూలి లేని రోజూ కావచ్చు. వంటవాడికి మాత్రం ఏ రోజూ ఆగిన రోజు కాదు. గ్రంథంలో వీరు లెక్కల్లో కనిపిస్తారు, చూసేవారిగా కనిపించరు. కనుక 'కాశీయాత్ర చరిత్ర'ను ఆ కాలపు నగరాలకు సాక్ష్యంగా వాడేటప్పుడు, అది తీరిక దక్కిన ఒకరి సాక్ష్యమని గుర్తించక తప్పదు.

తీరిక లేనివారు చూసిన నగరం రాతలో దొరకదు. మాటలో కొంత దొరుకుతుంది. రసాలు, బంగినపల్లి లారీల వెంట ఢిల్లీ ఆజాద్‌పూర్ మండీకి వెళ్లి, కమీషను వ్యాపారి చేతి నుంచి పట్టీ, డబ్బు అందేదాకా అక్కడే ఉండిపోయిన మా ప్రాంతపు రైతు ఒకరిని ఆ రోజుల గురించి అడిగాను. మొదట కాయ ధర, కుళ్లిన కాయకు పోయిన తరుగు, తాను దాచుకున్న చిల్లర ఖర్చు మాత్రమే చెప్పారు. ఊరేమైనా చూశారా అని రెండోసారి అడిగితే, ఏమీ చూడలేదన్నారు. చాలాసేపటి తరువాత, వేరే మాటల మధ్య, జామా మసీదు మెట్ల మీద కూర్చుంటే ఎర్రకోట కనిపిస్తుందనీ, అక్కడ రెండు సాయంత్రాలు గడిపాననీ వారే చెప్పారు.