క్యాన్సర్ కణానికి చక్కెర ముసుగు.. ఇమ్యూనిటీ కళ్లుగప్పేది ఇలాగే!

తేడాగా ఉన్న కణాలను వెతికి చంపేందుకు మన ఒంట్లో రోగనిరోధక కణాలు 24 గంటలూ తిరుగుతూనే ఉంటాయి. మరి వాటి కళ్లుగప్పి క్యాన్సర్ కణం ఎలా బతుకుతోంది? కారణాలు చాలానే ఉన్నాయి. వాటిలో పెద్దగా ప్రచారంలోకి రానిది ఒకటుంది. అదే ఆ కణం పైన ఉండే చక్కెర పూత.

ఇది కాఫీలో వేసుకునే పంచదార కాదు. కణం తాను తయారుచేసే ప్రొటీన్లకు రకరకాల చక్కెర అణువులను గొలుసుల్లా తగిలిస్తుంది. ఈ పని పేరే గ్లైకోసైలేషన్. ప్రొటీన్ సరిగ్గా మడతపడాలన్నా, కణం పైకి చేరి అక్కడ నిలవాలన్నా చాలాసార్లు ఈ గొలుసులే ఆధారం. అంతెందుకు, ఏ, బీ, ఓ బ్లడ్ గ్రూపుల మధ్య తేడా కూడా ఎర్రరక్త కణాల మీది చక్కెర గొలుసుల చివర్లలోనే ఉంటుంది.

క్యాన్సర్ వస్తే ఈ గొలుసుల తీరు మారిపోతుంది. చాలా కణితుల్లో గొలుసు చివర సియాలిక్ యాసిడ్ అనే చక్కెర మామూలు కంటే ఎక్కువగా చేరుతుంది. అసలు కిటుకు ఇక్కడే ఉంది. రోగనిరోధక కణాల మీద సిగ్లెక్ అనే రిసెప్టర్లు ఉంటాయి. సియాలిక్ యాసిడ్ తగలగానే అవి 'ఇది మనదే, వదిలేయ్' అన్నట్టు దాడికి బ్రేక్ వేస్తాయి. సొంత కణాలను కాపాడుకోవడానికి శరీరం పెట్టుకున్న ఏర్పాటునే క్యాన్సర్ వాడేసుకుంటోందన్నమాట.

ఇమ్యునోథెరపీ గురించి విన్నవాళ్లకు పీడీ-ఎల్1 పేరు తెలిసే ఉంటుంది. దాడికి వచ్చిన టీ-కణాలను ఆపేసే ప్రొటీన్ ఇది. చక్కెర గొలుసులు లేకపోతే ఇది త్వరగా విచ్ఛిన్నమైపోతుందని 2016లో ఓ పరిశోధన తేల్చింది. పైగా ఈ గొలుసులు అడ్డుపడటంతో బయాప్సీ ముక్కలో పీడీ-ఎల్1 ఉన్నదానికంటే తక్కువగా కనిపించే అవకాశం ఉందని 2019లో మరో అధ్యయనం చెప్పింది. మందు ఎవరికి ఇవ్వాలో ఆ టెస్టు చూసి నిర్ణయించే చోట ఇది చిన్న విషయమేం కాదు.

కణితి పెరుగుదలలోనూ ఈ గొలుసుల పాత్ర ఉంది. 'పెరుగు' అనే సిగ్నల్‌ను అందుకునే ఈజీఎఫ్ఆర్ లాంటి రిసెప్టర్లకు కొమ్మలు ఎక్కువున్న చక్కెర గొలుసులు తగిలితే, గెలెక్టిన్ అనే ప్రొటీన్లు వాటిని కణం పైనే పట్టి ఉంచుతాయి. దాంతో సిగ్నల్ ఎక్కువసేపు నడుస్తుంది.

కణాల మీది ఈ చక్కెరలను చూసేందుకు దారి వెతుకుతూనే అమెరికా శాస్త్రవేత్త కరోలిన్ బెర్టోజీ బయోఆర్థోగోనల్ కెమిస్ట్రీని అభివృద్ధి చేశారు. 2022లో కెమిస్ట్రీ నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఆమె ఒకరు.

మరి చక్కెర తినడం మానేస్తే ఈ ముసుగు ఊడిపోతుందా? ఊడదు. స్వీట్లు, అన్నం మొత్తం మానేసినా లివర్ గ్లూకోజ్‌ను తయారుచేస్తూనే ఉంటుంది. గొలుసులకు కావాల్సిన చక్కెరలను కణాలు దాని నుంచే చేసుకుంటాయి. చికిత్సలో ఉన్నవాళ్లు తిండి తగ్గించేస్తే బరువు తగ్గి, కీమోను తట్టుకునే శక్తి పోతుంది. పోనీ మందుతో గ్లైకోసైలేషన్‌నే ఆపేద్దామంటే.. ట్యూనికామైసిన్ అనే రసాయనం ఒక రకం గ్లైకోసైలేషన్‌ను మొత్తంగా అడ్డుకుంటుంది. కానీ ఆరోగ్యకరమైన కణాలకూ అవే గొలుసులు కావాలి కదా! అందుకే అది మందుగా పనికిరాలేదు. ఇప్పుడు కణితి మీది సియాలిక్ యాసిడ్‌ను మాత్రమే కత్తిరించే ఎంజైములపై, సిగ్లెక్‌లను అడ్డుకునే యాంటీబాడీలపై పరిశోధనలు సాగుతున్నాయి.

ల్యాబ్ రిపోర్టుల్లో కనిపించే సీఏ 19-9 కూడా ఇలాంటి చక్కెర గొలుసే. పాంక్రియాస్ క్యాన్సర్ చికిత్స ఎలా పనిచేస్తోందో చూడటానికి డాక్టర్లు దీన్ని ఎక్కువగా వాడతారు. సాధారణంగా 37 యూనిట్ల వరకు నార్మల్ అంటారు. అయితే పిత్తనాళంలో రాయి అడ్డుపడి కామెర్లు వచ్చినా ఈ అంకె బాగా పెరగొచ్చు. అంకె పెరిగిందని కంగారు పడిపోనక్కర్లేదు. తక్కువుందని ధీమాగా ఉండటానికీ లేదు. ఎందుకంటే 5 నుంచి 10 శాతం మందికి పుట్టుకతోనే ఈ గొలుసు తయారుచేసే ఎంజైమ్ పనిచేయదు. వాళ్లకు క్యాన్సర్ ఉన్నా సీఏ 19-9 దాదాపు కనిపించదు. స్కాన్లు, బయాప్సీతోనే తేల్చాలి.