బయోస్ నుంచి యూఈఎఫ్‌ఐకి: ఒక 64 బైట్ల కథ

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. అప్పట్నుంచీ చుట్టాలు నన్నడిగే ప్రశ్న ఒకటే: "మా కంప్యూటరు విండోస్ 11కి పనికిరాదంటోంది, పారేసి కొత్తది కొనాలా?" కొన్ని నిజంగానే పనికిరావు, ప్రాసెసరే పాతది. కానీ కొన్నిట్లో ప్రాసెసరూ, మదర్‌బోర్డూ శుభ్రంగా ఉంటాయి. పాతదల్లా అది బూటయ్యే పద్ధతి. అదెక్కణ్ణుంచి వచ్చింది, ఇన్నేళ్ళూ ఎందుకు పోలేదు అన్నదే ఈ టపా.

1981 ఆగస్టులో ఐబీఎం తన పీసీని విడుదల చేసింది. అందులో బయోస్ సైజు 8 కేబీ. స్విచ్చి వెయ్యగానే అది చేసేది చిన్న పనే: డిస్కులో మొదటి సెక్టరుని, అంటే 512 బైట్లని, మెమరీలోకి తెచ్చి పగ్గాలు దాని చేతికివ్వడం. 1983లో 10 ఎంబీ హార్డ్ డిస్కుతో పీసీ ఎక్స్‌టీ వచ్చింది. దాంతోపాటు వచ్చిన డాస్ 2.0 ఆ 512 బైట్లని ఇలా పంచింది: బూట్ కోడుకి 446, పార్టిషన్ల పట్టికకి 64, చివర గుర్తుకి 2. పార్టిషనుకి 16 బైట్లు, అంటే మొత్తం నాలుగే పార్టిషన్లు. సెక్టరు నంబరుకి 32 బిట్లు, అంటే 2.2 టీబీ దాటి లెక్కపెట్టలేదు. 10 ఎంబీకి అది రెండు లక్షల రెట్లు పైనే! అప్పుడెవరు అడ్డుచెప్తారు?

తర్వాత కాపీల కాలం. బయోస్ లిస్టింగుని ఐబీఎం తన మాన్యువల్లోనే అచ్చేసింది, కానీ కాపీరైటుంది. అందుకని కాంపాక్, ఆ తర్వాత ఫీనిక్స్ ఒక ఉపాయం చేశాయి. ఒక జట్టు బయోస్ ఏమేం చేస్తుందో కాయితమ్మీద పెడుతుంది, అసలు కోడు కంటితో చూడని ఇంకో జట్టు దాన్ని కొత్తగా రాస్తుంది. 1984లో ఫీనిక్స్ తన బయోస్‌ని అందరికీ అమ్మడం మొదలుపెట్టాక ఐబీఎం సొంత ఏర్పాటు కాస్తా లోకానికంతటికీ ప్రమాణమై కూర్చుంది. అందరిదీ అయిన దాన్ని మార్చే అధికారం మాత్రం ఎవరికీ లేదు!

కదలిక 1990ల చివర్లో ఇంటెల్ నుంచి వచ్చింది. ఇటేనియం సర్వర్లకి ఈ 16 బిట్ల కాలంనాటి బయోస్ సరిపోలేదు. అలా పుట్టిన ఈఎఫ్‌ఐ, 2005లో ఏఎండీ, మైక్రోసాఫ్ట్, ఫీనిక్స్ లాంటివాళ్ళు కూడా చేరిన ఫోరం చేతికెళ్ళి యూఈఎఫ్‌ఐ అయింది. ఇది మొదటి సెక్టరుని గుడ్డిగా నమ్మదు. డిస్కులో తనకంటూ ఒక చిన్న పార్టిషను పెట్టుకుని, అందులోని ఫైలుని నడుపుతుంది. పాత పట్టిక స్థానంలో జీపీటీ వచ్చింది: మామూలుగా 128 పార్టిషన్లు, డిస్కు చివర పట్టికకి ఒక నకలు.

మరి పాతది అప్పుడే ఎందుకు పోలేదు? పాత ఆపరేటింగ్ సిస్టములు ఆగిపోకూడదని బోర్డుల్లో సీఎస్ఎమ్ అని ఒక పాత వేషం పెట్టారు. దాన్ని 2020 కల్లా తీసేస్తామని ఇంటెల్ 2017లో చెప్పింది. ఈలోగా ఏమైందంటే, కొత్త బోర్డు మీద కూడా పాత పెన్‌డ్రైవుతో విండోస్ వేస్తే లెగసీ మోడులోనే ఎక్కి కూర్చునేది. మా బాబాయి అసెంబుల్ చేయించుకున్న కంప్యూటరు అచ్చం ఇంతే. ఎనిమిదో తరం ప్రాసెసరు, బూటింగు మాత్రం 1983 నాటిది. షాపువాడు కొత్తది కొనుక్కోమన్నాడట.

నా గోల ఇక్కడే. పాతవాటిని బతకనివ్వడం తప్పు కాదు. కానీ "అయ్యా, నువ్వు పాత దారిలో నడుస్తున్నావు" అని ఆ కంప్యూటరు ఇన్నేళ్ళలో ఒక్కసారైనా చెప్పిందా? ఇంజనీర్లు చేసిన అప్పు, ఆ సంగతే తెలియని బాబాయి తీర్చాలా?

మార్చడం పెద్ద పని కాదు. మైక్రోసాఫ్ట్ 2017లో విండోస్ 10లోనే ఎంబీఆర్‌2జీపీటీ అనే పనిముట్టు ఇచ్చింది. డేటా చెరపకుండా పట్టిక మారుస్తుంది (అయినా బ్యాకప్ తీసుకోవాల్సిందే). వరస ముఖ్యం: ముందు డిస్కు, తర్వాతే ఫర్మ్‌వేర్ సెట్టింగు. తిరగేస్తే కంప్యూటరు బూటవదు. కంగారొద్దు, సెట్టింగు మళ్ళీ లెగసీకి మారిస్తే మామూలే.

ఒక్క చిక్కుంది. నాలుగు గదుల ఇబ్బంది తప్పించుకోడానికి 1980ల్లో ఎక్స్‌టెండెడ్ పార్టిషన్లు కనిపెట్టారు. మనవాళ్ళకేమో సి, డి, ఇ, ఎఫ్ లేకపోతే నిద్రపట్టదు. అలాంటి డిస్కుని ఈ పనిముట్టు ముట్టుకోదు. వాటిల్లోవి వేరే డిస్కుకి కాపీ చేసుకుని, ఆ పార్టిషన్లు తీసేశాకే మార్పు.

కాబట్టి పాత సామాన్లవాణ్ణి పిలిచేముందు, విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, ఎంఎస్‌ఇన్ఫో32 అని కొట్టి, బయోస్ మోడ్ అన్న లైను చూడండి. లెగసీ అని ఉంటే, మీ బోర్డులో యూఈఎఫ్‌ఐ ఉందేమో, ప్రాసెసరు విండోస్ 11 జాబితాలో ఉందేమో వెతకండి. రెండూ ఉంటే మీక్కావలసింది కొత్త కంప్యూటరు కాదు, ఒక ఆదివారం మధ్యాహ్నం.