సంతకం ఎవరిది? వందేళ్ళ కిందటి అమెరికా దాడుల కథ

ఈ మధ్య అమెరికా నుంచి వస్తున్న వీడియోలు మీ ఫోన్లలోకీ వచ్చే ఉంటాయి. మాస్కులు పెట్టుకున్న ఇమ్మిగ్రేషన్ అధికారులు, నడిరోడ్డు మీద బేడీలు వేసి మనుషుల్ని కారెక్కించడం, పక్కన పిల్లల ఏడుపు. అన్నో, అక్కో, బావో అక్కడ ఉన్న ఇళ్ళు మన దగ్గర ఎన్నో ఉన్నాయి. అందుకే చాలామంది ఒకటే అడుగుతున్నారు: అమెరికా నియంతృత్వం వైపు పోతోందా?

అవును, కాదు అని ఒక్క ముక్కలో తేల్చేసే వీడియోలు బోలెడున్నాయి. నేను తేల్చను. అదే దేశంలో వందేళ్ళ కిందట అచ్చం ఇదే భయం పుట్టింది. అది ఎలా మొదలైందో, అంతకంటే ముఖ్యంగా ఎలా ఆగిందో చెప్తాను.

సంవత్సరం 1919. మొదటి ప్రపంచ యుద్ధం అప్పుడే అయిపోయింది. ధరలు మండిపోతున్నాయి, ఎక్కడ చూసినా సమ్మెలే. రష్యాలో విప్లవం వచ్చి రెండేళ్ళయింది, ఇక్కడా వస్తుందేమోనని గుబులు. ఏప్రిల్‌లో పెద్దపెద్ద వాళ్ళ ఇళ్ళకు పోస్టులో బాంబు పార్సిళ్ళు వెళ్ళాయి. జూన్ 2 రాత్రి ఎనిమిది నగరాల్లో బాంబులు పేలాయి. అందులో ఒకటి వాషింగ్టన్‌లో అటార్నీ జనరల్ మిచెల్ పామర్ ఇంటి గుమ్మం దగ్గర. పామర్ కుటుంబం బతికింది, బాంబు తెచ్చినవాడు అక్కడికక్కడే చచ్చిపోయాడు.

కాబట్టి ఆ భయం ఉత్తి పుకారు కాదు. బాంబులు నిజం. ఆ భయాన్ని పట్టుకుని ఏం చేశారన్నదే అసలు కథ.

బాంబులు పెట్టినవాళ్ళను కోర్టులో నిలబెట్టాలంటే సాక్ష్యం కావాలి, జ్యూరీ ముందు రుజువు చేయాలి. జూన్ పేలుళ్ళ కేసులో చివరికి ఒక్కరికీ శిక్ష పడలేదు. కానీ ఇంకో దగ్గరి దారి ఉంది. డిపోర్టేషన్, అంటే దేశం నుంచి పంపించేయడం. చట్టం లెక్కలో అది శిక్ష కాదు, ఆఫీసు వ్యవహారం. జ్యూరీ అక్కర్లేదు. 1918లో వచ్చిన చట్టం ప్రకారం, ప్రభుత్వాన్ని బలప్రయోగంతో కూల్చాలనే సంస్థలో విదేశీయుడు సభ్యుడైతే చాలు, పంపించేయొచ్చు. వాడు ఏం చేశాడని అడగక్కర్లేదు. లిస్టులో పేరుంటే అయిపోయింది.

ఆ లిస్టులు తయారుచేసే పని పామర్ 24 ఏళ్ళ కుర్రాడికి అప్పగించాడు. పేరు జె. ఎడ్గార్ హూవర్. ఆ పేరు గుర్తుపెట్టుకోండి.

నవంబరు 7న రష్యన్ కార్మికుల సంఘం మీద దాడులు జరిగాయి. డిసెంబరు 21న బుఫర్డ్ అనే పాత ఓడలో 249 మందిని ఎక్కించి పంపేశారు. అందులో ఎమ్మా గోల్డ్‌మన్ లాంటి పేరున్న వక్తలు ఉన్నారు, ఎవరికీ తెలియని మామూలు కూలీలూ ఉన్నారు. అసలు పెద్ద దాడి 1920 జనవరి 2 రాత్రి. ముప్ఫైకి పైగా నగరాల్లో ఒకేసారి వేల మందిని పట్టుకున్నారు.

డెట్రాయిట్‌లో ఒక భవనంలో దొరికినవాళ్ళను దొరికినట్టు లాక్కెళ్ళారు. తిండి తింటున్నవాళ్ళు, క్లాసు వింటున్నవాళ్ళు కూడా అందులో ఉన్నారు. సుమారు 800 మందిని ఫెడరల్ భవనంలోని ఒక వసారాలో రోజుల తరబడి కుక్కారు. అంతమందికీ కలిపి ఒకే మరుగుదొడ్డి. బోస్టన్‌లో గొలుసులు కట్టి వీధుల్లో నడిపించారు. ఇక హార్ట్‌ఫర్డ్ జైల్లో అయితే, లోపలున్న స్నేహితుణ్ణి చూద్దామని వచ్చినవాళ్ళనూ అరెస్టు చేశారు. "తప్పు చేయకపోతే భయమెందుకు?" అనేవాళ్ళకు ఆ హార్ట్‌ఫర్డ్ జైలు గుర్తుచేయండి.

ఇంకో చిన్న విషయం ఉంది. పట్టుబడినవాడికి విచారణ మొదట్లోనే లాయర్ని పెట్టుకునే హక్కు ఉండేది. దాడులకు రెండు మూడు రోజుల ముందు ఆ నియమాన్ని చప్పుడు లేకుండా మార్చేశారు. ముందు ప్రశ్నలు, తర్వాత లాయరు. తలుపులు బద్దలుకొట్టడం అందరికీ కనిపిస్తుంది. ఒక ఫైల్లో ఒక వాక్యం మారితే ఎవరికీ కనిపించదు.

మరి ఇదంతా ఎక్కడ ఆగింది? ఒక సంతకం దగ్గర.

అప్పట్లో పట్టుకునేది పామర్ న్యాయశాఖ, ఇమ్మిగ్రేషన్ మాత్రం కార్మిక శాఖ కింద ఉండేది. మొదట ఆ శాఖ కూడా అరెస్టు వారెంట్లు ఇచ్చి తలూపింది. కానీ 1920 మార్చిలో ఆ శాఖ పగ్గాలు తాత్కాలికంగా లూయిస్ పోస్ట్ అనే 70 ఏళ్ళ పెద్దాయన చేతికొచ్చాయి. దేశం నుంచి పంపాలంటే ఇప్పుడు ఆయన సంతకం కావాలి.

ఆయన చేసిన పని ఏంటో తెలుసా? ఫైళ్ళు తీసి ఒక్కొక్కటీ చదివాడు, అంతే. చదివితే తెలిసింది, చాలామంది పాత సోషలిస్టు పార్టీ సభ్యులు. వాళ్ళ శాఖ మొత్తం కొత్త కమ్యూనిస్టు పార్టీలోకి మారిపోయింది, వాళ్ళకు చెప్పకుండానే పేర్లు అటు ఎక్కించారు. మనల్ని అడగకుండా ఎవరో వాట్సాప్ గ్రూపులో యాడ్ చేసినట్టన్నమాట. దానికి దేశం నుంచి గెంటేస్తారా? పోస్ట్ వెయ్యికి పైగా వారెంట్లు రద్దు చేశాడు.

ఊరుకుంటారా? పార్లమెంటులో ఆయన మీద అభిశంసన మొదలుపెట్టారు. మే నెలలో కమిటీ ముందు కూర్చుని, ప్రతి ప్రశ్నకూ ఫైలు ప్రకారం జవాబిచ్చాడు. అభిశంసన అక్కడే ఆగిపోయింది. ఆలోపు పామర్ మే 1న పెద్ద తిరుగుబాటు వస్తుందని దేశాన్ని హెచ్చరించాడు. నగరాల్లో పోలీసులు రాత్రంతా కాపలా కాశారు. ఏమీ జరగలేదు, జనం నవ్వారు. అదే నెల పన్నెండు మంది పేరున్న లాయర్లు, ప్రొఫెసర్లు ఈ దాడుల అక్రమాల మీద నివేదిక ఇచ్చారు. జూన్‌లో బోస్టన్ జడ్జి జార్జ్ ఆండర్సన్ దాడులను తప్పుపట్టాడు. అదే ఏడాది ప్రెసిడెంటు అభ్యర్థి కావాలనుకున్న పామర్‌కు సొంత పార్టీలోనే టికెట్ దక్కలేదు.

ఇక్కడితో శుభం కార్డు వేయలేం. పోస్ట్ ఎంత అడ్డుకున్నా వందల మందిని పంపేశారు. హూవర్ 1924లో ఆ సంస్థకే డైరెక్టరయ్యాడు, 1972లో చనిపోయేదాకా కుర్చీ దిగలేదు. ఇంకోటి, 1940లో ఇమ్మిగ్రేషన్‌ను కార్మిక శాఖ నుంచి తీసి న్యాయశాఖకే ఇచ్చేశారు. పోస్ట్ కూర్చున్న కుర్చీ అలా మాయమైంది.

ఇప్పటికొద్దాం. 2003లో పుట్టిన ఐస్ అనే సంస్థ వాడే వారెంట్ల మీద మామూలుగా సంతకం చేసేది జడ్జి కాదు, ఇమ్మిగ్రేషన్ అధికారే. ఇమ్మిగ్రేషన్ జడ్జిలు కూడా స్వతంత్ర కోర్టువాళ్ళు కాదు, న్యాయశాఖ ఉద్యోగులు. 2019లో బయటపడ్డ ఫార్మింగ్టన్ యూనివర్సిటీ గుర్తుందా? మిషిగన్‌లో ఐస్ వాళ్ళే నడిపిన ఉత్తుత్తి యూనివర్సిటీ. సుమారు 600 మంది చేరారు. ఎక్కువమంది భారతీయులు, అందులో మన తెలుగు పిల్లలు చాలామంది. క్లాసులు లేవని వాళ్ళకు తెలుసని ప్రభుత్వం అంది, మోసపోయామని చాలామంది విద్యార్థులు అన్నారు. ఎవరి మాట ఏదైనా, ఫీజు తీసుకున్నదీ, వచ్చి పట్టుకున్నదీ ఒకే సంస్థ.

అలాగని అన్ని తలుపులూ మూసుకుపోలేదు. 2025 ఏప్రిల్‌లో వేల మంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు ఉన్నట్టుండి రద్దయ్యాయి, కొందరికి కారణం కూడా చెప్పలేదు. విద్యార్థులు కోర్టులకెక్కారు, జడ్జిలు ఒకరి తర్వాత ఒకరు ఆపమన్నారు. నెలాఖరుకి ప్రభుత్వమే ఆ రికార్డులు తిరిగి పెట్టింది. 1920లో పోస్ట్ చేసిన పని ఈసారి కోర్టులు చేశాయి.

ప్రతి దేశానికీ తన సరిహద్దు కాపాడుకునే హక్కుంది, చట్టం తప్పినవాళ్ళను పంపించే హక్కూ ఉంది. నియంతృత్వం వచ్చిందా లేదా అని చూడాల్సింది అక్కడ కాదు. పట్టుకునేవాడు వేరు, సంతకం చేసేవాడు వేరుగా ఉన్నారా? సంతకం చేసేవాడు ఫైలు చదివి "కుదరదు" అనగలడా? అన్నాక అతని ఉద్యోగం ఉంటుందా? ఈసారి అలాంటి వీడియో మీ ఫోన్లో కనిపిస్తే మాస్కుల మీద ఆగిపోకండి. ఆ కాగితం మీద సంతకం ఎవరిదో వెతకండి. అమెరికా వీడియో అయినా, మన ఊరి వీడియో అయినా సరే.