మాడ వీధుల్లో ఊరుండేది

శ్రీవారి మహాద్వారం దాటి బయటికొచ్చి ఎదురుగా చూస్తే, అఖిలాండం దగ్గర కర్పూరం పొగ, దాని వెనక బేడి ఆంజనేయస్వామి గుడి. మధ్యలో చూపుకు అడ్డొచ్చేది నాలుగు సన్నటి, పొడుగాటి రాతి స్తంభాల గొల్ల మండపం ఒక్కటే. పాలూ పెరుగూ అమ్ముకునే ఒక గొల్ల వనిత కట్టించిందని చెప్పుకుంటారు. ఆ మండపానికి అటూ ఇటూ ఉన్న మైదానంలో ఇప్పుడు జనం కూర్చుంటారు, ఫొటోలు దిగుతారు, పిల్లల్ని ఆడిస్తారు. అది మైదానం కాదు, సన్నిధి వీధి. ఇళ్ళు, మఠాలు, అంగళ్ళు, వెయ్యి కాళ్ళ మండపం అన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉండేవని కొండ మీద పుట్టి పెరిగిన పెద్దవాళ్ళు చెబితేగాని ఈ తరానికి తెలియదు.

గుడి చుట్టూ ఊరు పెరగడం, పెరిగిన ఊరిని గుడి కోసం వెనక్కి జరపడం తిరుమలకు కొత్త కాదు.

ఇక్కడి మొదటి నిర్మాణ పని కథ మహాద్వారం దగ్గరే వేలాడుతోంది. లోపలికి వెళ్ళేటప్పుడు కుడి పక్క గోడ మీద ఒక ఇనుప గునపం కనిపిస్తుంది. రామానుజుల శిష్యుడు అనంతాళ్వార్ స్వామివారికి పూలతోట పెంచడానికి కొండెక్కి, నీళ్ళ కోసం చెరువు తవ్వాడు. సాయం చేయబోయిన కుర్రవాణ్ణి వద్దని కసిరి గునపం విసిరితే అది గడ్డానికి తగిలింది. చివరికి చూస్తే గాయం మూలవిరాట్టు గడ్డానికి! అక్కడ ఇప్పటికీ పచ్చకర్పూరం పెట్టడానికి కారణం అదేనంటారు. ఐతిహ్యం సంగతి ఎలా ఉన్నా, తోట, చెరువు, వాటిని చూసుకునే మనిషికి ఒక ఇల్లు అన్న లెక్క మాత్రం నిజం. కొండ మీద ఊరు అలా మొదలైంది. అడవిలో కాపురం ఉండాలంటే స్వామి పని ఏదో ఒకటి చేతిలో ఉండాలి. కొండ కింద గోవిందరాజస్వామి గుడి చుట్టూ రామానుజుల కాలంలో ఊరు కట్టారని సంప్రదాయం చెబుతుంది. మామూలు సంసారాలకు ఆ ఊరు, పైన కైంకర్యం చేసేవాళ్ళు మాత్రమే అన్న విభజన అప్పటిదే అనుకోవచ్చు.

విజయనగర రాజుల కాలానికి ఆ లెక్క మారిపోయింది. సాళువ నరసింహుడి నాటి నుంచి అచ్యుతరాయల దాకా గుడికి ముట్టిన కానుకలను శాసనాలు చెబుతాయి. తిరుమల, తిరుపతుల్లో దొరికిన వెయ్యికి పైగా శాసనాలను సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి పరిశీలించి నివేదిక రాశారు. వాటిలో ఊరి ప్రణాళికకు పనికొచ్చే సంగతి ఒకటుంది. దాత ఒక మండపం కట్టిస్తాడు. ఉత్సవమూర్తి ఊరేగింపులో ఆ మండపం దగ్గర ఆగుతాడు, అక్కడ నైవేద్యం జరుగుతుంది. ఆ ప్రసాదంలో నాలుగో వంతు దాతకు చెందుతుంది. ఆ వంతును అతను ఇంకొకరికి రాసివ్వవచ్చు కూడా. అంటే స్వామి నడిచే వీధిలో మండపమంటే పుణ్యమే కాదు, ఏటేటా ముట్టే ఆదాయం. మాడ వీధుల పక్క జాగాకు విలువ రావడానికి ఇంతకన్నా ఏం కావాలి? 1464లో సాళువ మల్లయ్యదేవ మహారాజు కట్టించిన వెయ్యి కాళ్ళ మండపం వచ్చింది ఆ రోజుల్లోనే. 1513 నుంచి 1521 మధ్య ఏడుసార్లు కొండకు వచ్చిన కృష్ణదేవరాయలు దాన్ని చూసే ఉంటాడు.

తర్వాత 1843లో ఈస్టిండియా కంపెనీ గుడి పాలనను హథీరాంజీ మఠం మహంతు సేవాదాసుకు అప్పగించింది. 1933 దాకా, తొంభై ఏళ్ళు, మహంతులదే పెత్తనం. గుడి పక్కనే ఎత్తు మీద ఉన్న వాళ్ళ మఠం ఇప్పటికీ ఉంది. ఆ కాలంలో యాత్రికుడంటే నడిచి వచ్చినవాడు, లేకపోతే డోలీలో వచ్చినవాడు. వేల మెట్లెక్కి అలసిన మనిషి పూటకే తిరిగి పోడు. మాడ వీధుల ఇళ్ళలో, మఠాల్లో, మండపాల అరుగుల మీద ఒకటి రెండు రోజులు ఉండి పోయేవాడు. అతనికి వండిపెట్టడం, పూజాసామాను అమ్మడం, దారి చూపడం స్థానికుడి బతుకు. ఊరికీ యాత్రకూ పేచీ లేని కాలం అది.

ఆ పొత్తును చెడగొట్టింది రోడ్డు. 1944 ఏప్రిల్ 10న మద్రాసు గవర్నర్ ఆర్థర్ హోప్ మొదటి ఘాట్ రోడ్డును ప్రారంభించాడు. తిరుమలకు అసలైన టౌన్ ప్లానరు ఎవరంటే ఆ రోడ్డే అనాలి. బస్సులో గంటలో పైకొచ్చినవాడికి దర్శనం కావాలి, ఆ వెంటనే తిరుగు బస్సు కావాలి. 1974లో రెండో ఘాట్ రోడ్డు కూడా వచ్చాక ఎక్కడానికొకటి, దిగడానికొకటి అయ్యాయి. రద్దీకి ఇక పగ్గం లేదు. గుడి గోడలు మాత్రం జరగవు, ఆనంద నిలయం పెరగదు. పెంచగలిగేది గుడి చుట్టూ ఉన్న జాగా ఒక్కటే. ఆ జాగాలో ఊరుంది.

మాస్టర్ ప్లాన్ అన్న మాట తిరుమల ఇళ్ళలో భయంగా వినబడడం ఆ తర్వాతి సంగతి. 1978 నుంచి 1982 దాకా దేవస్థానం కార్యనిర్వహణాధికారిగా ఉన్న పి.వి.ఆర్.కె. ప్రసాద్ ‘నాహం కర్తా, హరిః కర్తా’ అన్న పుస్తకం రాశారు. అధికారి వైపు కథ కావాలంటే అదుంది. ఇల్లు పోయినవాళ్ళ వైపు కథ పుస్తకంగా వచ్చినట్టు కనబడదు. ఊరిని జరిపే పని ఒక్కసారిగా జరగలేదు, విడతలుగా జరిగింది. క్యూలైన్లను వీధుల్లోంచి తప్పించి వైకుంఠం కాంప్లెక్సుల్లోకి మళ్ళించారు. మాడ వీధుల ఇళ్ళు తీశారు. కొందరికి కొండ మీదే గుడికి దూరంగా బాలాజీ నగర్‌లో చోటు దొరికింది, మరికొందరు కొండ దిగి తిరుపతిలో స్థిరపడ్డారు. సన్నిధి వీధి అంగళ్ళు, తట్టలు వేరే చోట్లకు మారాయి. ఇదే కాలంలో, 1987లో వచ్చిన చట్టం అర్చకుల మిరాశీ హక్కులను రద్దు చేసింది. 1996లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. గుడితో వంశపారంపర్యంగా ముడిపడ్డ ఇల్లూ, ఉద్యోగమూ రెండూ ఒకే తరంలో సడలిపోయాయి.

వీధులు వెడల్పు చెయ్యక తప్పేది కాదు. బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ రాత్రి మాడ వీధి మూలన నిలబడ్డవాడికి ఇది వేరే చెప్పనక్కరలేదు. గొడుగులు ఊగుతూ వాహనం మలుపు తిరుగుతుంటే, రెండు వైపుల గ్యాలరీల్లో జనం గోవిందలు కొడుతూ లేచి నిలబడతారు. ఆ జనాన్ని పాత సందుల్లోకి తోస్తే తొక్కిసలాటే. ఇళ్ళు తీసినందుకు ప్రాణాలు నిలిచాయన్నా అతిశయోక్తి కాదు.

వెయ్యి కాళ్ళ మండపం విషయంలో ఆ మాట చెల్లదు. 2003లో దేవస్థానం దాన్ని విప్పించేసింది. గుడి ముందు విశాలంగా ఉండాలన్న ఆలోచనకు అయిదున్నర శతాబ్దాల కట్టడం బలైంది. చినజీయర్ స్వామి వంటివారు గట్టిగా వ్యతిరేకించారు, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్ళింది. ఇల్లు తీస్తే ఇంటివాడికి మరో ఇల్లు ఇవ్వవచ్చు. రాతి మండపాన్ని విప్పితే మిగిలేది స్తంభాల కుప్ప. ఇంకోచోట మళ్ళీ కడతామన్న మాటలు చాలాసార్లు వినిపించాయి. జనం తాకిడికి అడ్డమైతే మండపంలోంచే దారి తీసి ఉండవచ్చు, స్తంభాల మధ్య నడవడానికే కదా మండపం కట్టేది. దాని పక్కనే ఉన్న గొల్ల మండపం, అంతకన్నా బక్కది, నిలిచే ఉంది.

ఇదే కథ తర్వాత మిగతా దేశంలోనూ నడిచింది. కాశీ విశ్వనాథుడి గుడి నుంచి గంగ దాకా సందుల్లోని సుమారు మూడు వందల ఆస్తులు కొని, పడగొట్టి కట్టిన కారిడార్‌ను 2021 డిసెంబరులో ప్రారంభించారు. పూరీలో జగన్నాథుడి ప్రాకారం చుట్టూ 75 మీటర్ల మేర ఖాళీ చేయించారు. పాత మఠాలు అందులో పోయాయి. 2024 జనవరిలో అదీ మొదలైంది. ఇందుకు భిన్నంగా శ్రీరంగంలో ఏడు ప్రాకారాల వెలుపలి వీధుల్లో ఇప్పటికీ సంసారాలున్నాయి, పొద్దున్నే ముగ్గులు పడతాయి. కాకపోతే శ్రీరంగం మైదానంలో ఉంది, తిరుమలలా రోజుకు అరవై, డెబ్బై వేల మందిని కొండ నెత్తిన మోయనక్కరలేదు.

తిరుమలలో ఎన్నికైన పంచాయతీ లేదు. వీధి దీపం, నీళ్ళు, చెత్త, దుకాణం లైసెన్సు అన్నీ దేవస్థానం చేతిలోనివే. కాబట్టి ఊరి నడిబొడ్డు ఎలా ఉండాలన్న చర్చలో అక్కడ కాపురముండేవాడి ఓటు ఎక్కడా లెక్కకు రాదు. 2024 చివర్లో ‘తిరుమల విజన్ 2047’ పేరుతో దేవస్థానం మరో దీర్ఘకాలిక ప్రణాళికకు సంస్థల నుంచి ప్రతిపాదనలు కోరింది. సరిగ్గా ఆ రోజుల్లోనే స్థానికులకు నెలకొకసారి, మొదటి మంగళవారం నాడు, దర్శనం కల్పించే పద్ధతిని తిరిగి తెచ్చింది. తిరుపతివాళ్ళకు టోకెన్లు మహతి ఆడిటోరియంలో ఇచ్చారు. కొండ మీద ఉండేవాళ్ళు ఆధార్ కార్డు పట్టుకుని వరసలో నిలబడింది బాలాజీ నగర్ కమ్యూనిటీ హాలు దగ్గర.