అభ్యసన వైకల్యాలు

ఒక బిడ్డకు తెలివితేటల్లో లోటు లేదు, చూపూ వినికిడీ బాగున్నాయి, బడి మానడం లేదు. అయినా చదవడం, రాయడం, లెక్కలు చేయడంలో ఏదో ఒకటి ఆ బిడ్డకు వయసుకు తగ్గట్టు పట్టుబడదు. దీన్నే అభ్యసన వైకల్యం అంటారు. చదవడంలో ఇబ్బంది డిస్లెక్సియా, రాతలోది డిస్‌గ్రాఫియా, లెక్కల్లోది డిస్‌కాల్కులియా. ఒకే బిడ్డలో రెండు కలిసి ఉండటమూ మామూలే. బుద్ధిమాంద్యంతో దీన్ని కలిపేయకూడదు. బద్ధకం అనడం మరీ అన్యాయం.

1896లో ఇంగ్లండు వైద్యుడు ప్రింగిల్ మోర్గన్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో పర్సీ అనే 14 ఏళ్ల కుర్రాడి గురించి రాశాడు. చురుకైన పిల్లాడు, ఆటల్లో ఎవరికీ తీసిపోడు, లెక్కలు బాగానే చేస్తాడు. ఏళ్ల తరబడి చదువు చెప్పించినా చిన్న మాటలు చదవడానికే తడబడేవాడు. తన పేరు రాసినా అక్షరాలు తారుమారయ్యేవి. మోర్గన్ దాన్ని పుట్టుకతో వచ్చిన పద అంధత్వం అన్నాడు. చిక్కు కంటిలో లేదని, మాటను ధ్వనులుగా విడదీసి అక్షరాలతో జతపరచడంలో ఉందని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. కుటుంబంలో ఒకరికి ఉంటే పిల్లలకూ వచ్చే అవకాశం ఎక్కువ.

డిస్లెక్సియా అనగానే ఇంగ్లీషులో బి, డి అక్షరాలు తారుమారు చేయడమే అందరికీ గుర్తొస్తుంది. తెలుగులో దాని తీరు వేరు. ఇక్కడ పలికినట్టే రాస్తాం కాబట్టి ఇంగ్లీషులోలా రాతకూ పలుకుకూ పొంతన కుదరని చిక్కు లేదు. అయితే గుణింతాలు, ఒత్తులు కలిస్తే నేర్చుకోవలసిన రూపాలు వందల్లోకి వెళ్తాయి. పిల్లవాడు ‘చెట్టు’ను ‘చెటు’ అని, ‘విద్యార్థి’ని ‘విదాథి’ అని రాస్తాడు. దీర్ఘాలు ఎగిరిపోతాయి, ప–వ, మ–య, బ–భ కలగలుస్తాయి. ఒకటో తరగతిలో ఈ తప్పులు ఎవరైనా చేస్తారు. మూడు, నాలుగు తరగతులకు వచ్చినా తగ్గకపోతేనే అనుమానించాలి. తప్పులు తగ్గినా, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివే నిదానం చాలామందిలో పోదు.

మన బళ్లలో ఇది ఆలస్యంగా బయటపడటానికి అప్పజెప్పించే అలవాటు ఒక కారణం. విని గుర్తుపెట్టుకోగల పిల్లవాడు వాచకంలో పాఠం మొత్తం గడగడా ‘చదివేస్తాడు’. పేజీ మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి ఇదేమిటని అడిగితే, పాఠం మొదటి నుంచి గొణుక్కుంటూ వచ్చి గాని చెప్పలేడు. మార్కుల కార్డు కంటే ఈ చిన్న పరీక్షే ఎక్కువ చెబుతుంది.

అనుమానం వస్తే కంటి, చెవి పరీక్షలు ముందు చేయించి, ఆ తర్వాత మనస్తత్వ నిపుణుల చేత తెలివి, చదువు స్థాయిలను అంచనా వేయిస్తారు. పిల్లవాణ్ణి ఇంట్లో వాడే భాషలో పరీక్షించాలి. ఇంగ్లీషు మీడియంలో వెనకబడినంత మాత్రాన వైకల్యం ఉన్నట్టు కాదు, భాష రాకపోవడమే కారణం కావచ్చు. అభ్యసన వైకల్యాన్ని పోగొట్టే మందు లేదు. ధ్వనికీ అక్షరానికీ ఉన్న లంకెను వరసగా, మళ్లీమళ్లీ, నోటితో పలికిస్తూ వేలితో దిద్దిస్తూ నేర్పితే చదువు మెరుగుపడుతుంది. ట్యూషన్‌లో అదే పాఠం పదిసార్లు రాయిస్తే ఒరిగేదేమీ ఉండదు.

1995 నాటి వికలాంగుల చట్టం అభ్యసన వైకల్యాన్ని లెక్కలోకి తీసుకోలేదు. 2016 చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఇది చేరింది. ధ్రువపత్రం ఉంటే సీబీఎస్‌ఈ బోర్డు పరీక్షల్లో అదనపు సమయం ఇస్తారు, అవసరమైతే రాసిపెట్టే సహాయకుణ్ణి అనుమతిస్తారు.